పదకొండు వంతు ఎప్పుడు?

దిగరా గుబురూ, ఆ గోడ దిగు! పంతులమ్మ చూసిందంటే సుద్దముక్క విసురుతుంది. కాళ్ళ దగ్గర ఇంత లేత గరిక పెట్టుకుని, గోడకంటించిన ఆ కాగితం మీదేంరా నీకు యావ? మువ్వా, నువ్వూ ఇటు రా. నీడ జరిగింది. ఇద్దరూ నా పక్కన పడుకుని నెమరేసుకోండి.

నేను చుక్కిని. ఈ ఊరి మేకల్లో నాకన్నా ముసలిది లేదు. నుదుటి మీద తెల్లచుక్క ఉండేదని ఆ పేరు పెట్టారు. ఇప్పుడు ఒళ్ళంతా తెల్లబడిపోయి ఆ చుక్క ఎక్కడుందో నాకే తెలీదు. మనవడు గుబురునీ మనవరాలు మువ్వనీ వెంటేసుకుని రోజూ మధ్యాహ్నం ఈ బడి వెనక గోడ నీడకి వస్తాను. ఇక్కడ మేతతోపాటు చదువు కూడా ఊరికే వస్తుంది. పన్నెండో ఎక్కం దాకా నాకు కంఠతా వచ్చు.

ఇవాళ పంతులమ్మ హక్కుల పాఠం ఎత్తుకుంది. "పుట్టిన ప్రతి బిడ్డకీ పేరుండే హక్కు ఉంది. తాగడానికి నీళ్ళు, తినడానికి తిండి, చదువు, ఆట, మనసులో మాట పైకి చెప్పుకోవడం, ఇవన్నీ హక్కులే. ఏదీ, అందరూ చెప్పండి!" అంది. పిల్లలు కిటికీ రెక్కలు అదిరేలా వల్లించారు. ఇంతలో వెనక బెంచీలోంచి సన్నగా ఒక గొంతు వినబడింది.

"టీచర్, దాహమేస్తోంది. నీళ్ళు తాగొస్తా."

"కూర్చో ఝాన్సీ. హక్కులు పూర్తయ్యాక వెళ్దువుగాని."

నాకు నవ్వాగలేదు. నోట్లో గరిక పొలమారింది.

"ఎందుకవ్వా నవ్వుతున్నావు?" అంది మువ్వ.

"గుండ్లవాగు గుర్తొచ్చిందే. పదకొండు గుర్తొచ్చింది."

"పదకొండు అంటే లెక్క కదా?"

"ఇదిగో, అప్పట్లో ఒక నక్క కూడా అచ్చం ఇదే మాట అన్నాడు. విను మరి."

గుండ్లవాగంటే మీరు చూసినది కాదు. మీరు చూసినవి లారీలు ఇసుక తోడుకుపోగా మిగిలిన గుంతలు. నేను పాలు తాగే రోజుల్లో ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఇసుకే, కాలు పెడితే గిట్టలు మునిగిపోయేవి. ఎండాకాలం పైన చుక్క నీరుండేది కాదు కానీ, కానుగచెట్టు ఎదురుగా మూరెడు లోతు తవ్వితే అడుగునుంచి నీళ్ళు ఊరేవి. దాన్నే చెలమ అంటారు. తాగినకొద్దీ మళ్ళీ ఊరేది. ఆ నీళ్ళ రుచి గురించి ఈ బోరింగు నీళ్ళు తాగే మీకు ఎంత చెప్పినా ఏం తెలుస్తుందిలే!

ఆ చెలమ తవ్వింది పంది ఎల్లమ్మత్త. ఇసుక మీద ముట్టె ఆనించి నాలుగడుగులు వేసి, "ఇదిగో, ఇక్కడుంది" అనేది. ఏ ఏడూ తప్పేది కాదు. పొద్దెక్కాక చెత్త పడకుండా చెలమ మీద తుమ్మకంప కప్పేవాళ్ళు. పొద్దున్నా సాయంత్రం ఎద్దు సాంబయ్య తాత వచ్చి ఆ కంపని కొమ్ములతో పక్కకి తీసేవాడు. తీస్తూనే "పిల్లల వంతు!" అని ఒక్క కేక పెట్టేవాడు.

ఇక చూడు! దూడలు, మేకపిల్లలు, పందిపిల్లలు, చాకలివాళ్ళ గాడిదపిల్ల బండోడు, పొలోమని పరిగెత్తేవాళ్ళం. తాగినంత తాగి, తడి ఇసుకలో దొర్లి, ఒకళ్ళ మీద ఒకళ్ళం పడి, చీకటి పడే దాకా ఆడేవాళ్ళం. పెద్దవాళ్ళు గట్టు మీద నిలబడి, మేం లేచాక దిగి తాగేవాళ్ళు. మాకు వంతుంది, అంతే. ఎందుకుందని వాళ్ళు అడగలేదు. ఎవరిచ్చారని మేమూ అనుకోలేదు. ఆ రోజులు తలుచుకుంటే నాకిప్పటికీ గొంతు చల్లగా అవుతుంది.

ఒకరోజు బండోడు సంతోషం పట్టలేక ఎగిరి చెలమలోకే దూకాడు. అంచు విరిగి ఇసుకంతా లోపల పడింది. నీళ్ళు బురదైపోయాయి. ఆ సాయంత్రం పెద్దవాళ్ళకి నీళ్ళు లేవు. అందరికీ విసుగ్గా ఉంది. సరిగ్గా అప్పుడు దిగాడు నక్క వీరభద్రం.

భయపడకండర్రా. వాడికప్పటికే పళ్ళు నాలుగు మిగిలాయి. వేట మానేసి మాటల మీద బతుకుతున్నాడు.

"పిల్లలన్నాక అల్లరి చెయ్యరటండీ?" అన్నాడు గట్టెక్కి, ఎంతో ప్రేమగా. "తప్పు వాళ్ళది కాదు. చూసుకునేవాళ్ళు లేకపోవడం. ఒక వరస ఉండాలి, ఒక పద్ధతి ఉండాలి. నేను రాయి మీద కూర్చుని పేరు పెట్టి పిలుస్తాను. పిలిచినవాళ్ళు వచ్చి తాగుతారు. ముసలాణ్ణి, ఇంట్లో కూర్చుని మాత్రం ఏం చేస్తాను?"

సాంబయ్య తాత నెమరు ఆపి, "మరి పిల్లల వంతో?" అన్నాడు.

"అయ్యో సాంబయ్య గారూ! పిల్లల వంతు ఎక్కడికి పోతుందండీ? వస్తుంది."

విన్నారా? కిటుకంతా ఆ మాటలోనే ఉంది. అంతవరకూ మా వంతు ఉండేది. ఆ పూటనుంచి మా వంతు వస్తుంది! పెద్దవాళ్ళకి ఆ తేడా చెవికెక్కలేదు. తలనొప్పి వదిలిందనుకుని తలలూపారు.

"ఒకటే రూలు" అన్నాడు వీరభద్రం. "నా వంతు ఎప్పుడని ఎవరైనా నోరెత్తి అడిగితే వరస చివరికి పోవాలి. లేకపోతే గోలైపోతుంది."

"ఎవరడిగినా అంతేనా?" అన్నాడు సాంబయ్య తాత.

"ఎవరడిగినా. చిన్నా పెద్దా తేడా లేదు. నా దగ్గర పక్షపాతం ఉండదండీ."

మర్నాటి నుంచి మా బతుకు మారిపోయింది. కంప తీయగానే ముందు వీరభద్రం దిగి తేట నీళ్ళు కడుపునిండా తాగేవాడు. "రుచి చూడొద్దూ? పసివాళ్ళు తాగేవి!" అనేవాడు. తర్వాత రాయెక్కి తీరుబడిగా పిలిచేవాడు. ఎవర్ని ముందు పిలుస్తాడో తెలీదు. పిలవాలంటే వాడికి నచ్చాలి. నేను వాడి తోకలో పట్టిన పల్లేరుకాయలు పళ్ళతో తీసేదాన్ని. నాలుక గీరుకుపోయి రక్తం వచ్చేది. బండోడు వాణ్ణి పొదలోంచి రాయి దాకా వీపు మీద మోసేవాడు. వరసలో నవ్వితే చివరికి. పక్కవాణ్ణి గోకితే చివరికి. నీళ్ళు తాగాక ఆడుకుందామన్న మాటే మర్చిపోయాం. ఇంటికెళ్ళి పడుకునేవాళ్ళం.

"ఎంత బుద్ధిగా ఉన్నారో చూడండి!" అని పెద్దవాళ్ళు మురిసిపోయేవాళ్ళు.

ఇక పదకొండు సంగతి. ఎల్లమ్మత్తకి ఆ ఈతలో పుట్టిన పిల్లలు పదకొండు మంది. పదిమందికి పేర్లు పెట్టేసరికి ఆవిడకి ఓపిక అయిపోయింది. కడసారి పుట్టిన బక్కదాన్ని పదకొండూ అని పిలిచేది. అది నాకు ప్రాణం. ఇసుకలో నాతోపాటు పరిగెత్తలేక వెనకబడి, "చుక్కీ, ఆగవే! నేను గెలిచాక పరిగెత్తు!" అని అరిచేది.

మొదటి రోజు వీరభద్రం దాన్ని ఎగాదిగా చూశాడు.

"నీ పేరేంటే?"

"పదకొండండీ."

"అది లెక్క. పేరు అడుగుతున్నాను."

"పదకొండే నా పేరండీ. మా అమ్మ పెట్టింది."

"లెక్కల్ని పిలిచే పని నాది కాదు. పేరు పెట్టించుకుని రా. అప్పుడు నీ వంతు వస్తుంది."

రాలేదు. ఆ రోజు రాలేదు, మర్నాడూ రాలేదు. పందికి చెమట పట్టదర్రా. నీళ్ళు లేకపోతే ఎండని తట్టుకోలేదు. అందరూ తాగి వెళ్ళాక అడుగున మిగిలిన తడి ఇసుకని అది నాకేది. మూడోరోజు పొద్దున వరసలో నిలబడే ఓపిక లేక పడుకుంది. ముట్టె ఎండి పగిలింది. కళ్ళు మూతలు పడుతున్నాయి. నేను దాని ముందే నిలబడ్డాను. 'పదకొండు వంతు ఎప్పుడు?' ఈ ఒక్క ముక్క నోటి చివర దాకా వచ్చింది. అంతలో "చుక్కీ!" అని నన్ను పిలిచాడు. నేను నోరు మూసుకుని వెళ్ళి తాగాను.

ఆ నీళ్ళు నాకు ఎలా దిగాయో ఇప్పటికీ తెలీదు. ఇన్నేళ్ళయినా ఆ సంగతి చెప్పాలంటే సిగ్గుతో తల ఎత్తలేను.

తాగి వచ్చి ఎల్లమ్మత్త దగ్గర ఏడ్చాను. "అత్తా, చెలమ తవ్విందే నువ్వు కదా! వెళ్ళి అడగవేం?"

"నేను నోరెత్తితే నా మిగతా పదిమందినీ చివరికి పంపుతాడే" అంది. ఆవిడా ఏడుస్తూనే ఉంది.

సాంబయ్య తాత దగ్గరికి పరిగెత్తాను. ఆయన చాలాసేపు నెమరేశాడు. "రూలుకి మేమంతా తలూపాం కదమ్మా. ఇప్పుడు కాదంటే ఎలా?" అన్నాడు. ఆయన మంచివాడే. కానీ మంచివాళ్ళు నెమరేసుకుంటూ కూర్చుంటే బక్కవాళ్ళ ప్రాణం ఆగుతుందా?

కానుగ నీడలో పదకొండు పక్కన కూలబడ్డాను. బండోడు చెవులు వేలాడేసుకుని దాని మీద ఈగలు తోలుతున్నాడు. అది కళ్ళు తెరవకుండానే అడిగింది.

"చుక్కీ, ఆ రూలు నక్కకి లేదా?"

"ఏ రూలు?"

"అడిగితే చివరికి పోవాలన్నది."

"ఎందుకు లేదు? చిన్నా పెద్దా తేడా లేదన్నాడుగా. కానీ వాడు అడగడు. దాహమేస్తే దిగి తాగేస్తాడు."

"దాహం బాగా వేసి, దిగనివ్వకపోతే?"

నేనూ బండోడూ మొహాలు చూసుకున్నాం. వాడి చెవులు రెండూ టక్కున లేచాయి.

"ఎండుచేపలు!" అన్నాడు బండోడు. "పొద్దున సంత దారిలో బండి కుదుపుకి ఎండుచేపల గంప ఒరిగింది. నాలుగు కింద పడ్డాయి. ఉప్పు గడ్డకట్టి ఉన్నాయే, దూరం నుంచి చూస్తేనే నాకు నాలుక పీక్కుపోయింది."

ఆ చేపల్ని తంగేడాకుల్లో చుట్టి తీసుకెళ్ళి వీరభద్రం పొద ముందు పెట్టాం. "తమరి దయవల్ల బతుకుతున్నామండీ" అన్నాను. ఆ మాట అంటుంటే నోట్లో వేపాకు పెట్టుకున్నట్టుంది.

"ఇదీ పద్ధతంటే!" అన్నాడు వాడు. నమలడానికి పళ్ళేవి? నాలుగు చేపల్నీ ఉప్పుతో సహా మింగేసి, మిట్టమధ్యాహ్నం ఎండలో గుర్రుపెట్టి నిద్రపోయాడు. చెలమ మీద కంప ఉంది. సాంబయ్య తాత వచ్చే దాకా దాన్ని కదిలించే శక్తి వాడికి లేదు.

ఆ సాయంత్రం వీరభద్రం రాకముందే పిల్లలందరం వచ్చి వరస కట్టాం. చెలమ అంచుకి ఆనుకుని నేను. నా పక్కన అడ్డంగా బండోడు. వెనకాల దూడలు, గొర్రెపిల్లలు, పందిపిల్లలు. అందరికన్నా చివర పదకొండుని నెమ్మదిగా జరిపి పడుకోబెట్టాం. ఎవరూ నోరు విప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాం. సాంబయ్య తాత కంప తీసి, మమ్మల్ని ఒకసారి చూసి గట్టెక్కాడు.

వీరభద్రం వచ్చాడు. నాలుక జానెడు బయటికి వేలాడుతోంది.

"జరగండి, జరగండి. రుచి చూడాలి."

ఎవరూ జరగలేదు.

"చెవుడా మీకు? జరగమంటున్నా!"

మేం నోళ్ళు మూసుకుని బుద్ధిగా ముందుకే చూస్తున్నాం. వాడు నాకూ బండోడికీ మధ్య మూతి దూర్చబోయాడు. బండోడు వెనక కాలు కొంచెం పైకి లేపాడు. ఊరికే, ఈగని తోలుకుంటున్నట్టు. వాడు వెనక్కి గెంతాడు. చెలమ చుట్టూ తిరిగొచ్చాడు. అటు దూడల కాళ్ళే, ఇటు గొర్రెపిల్లల కాళ్ళే. ఆ కాళ్ళ సందుల్లోంచి నీళ్ళు తళతళా మెరుస్తున్నాయి.

"మాట్లాడరేంరా? మధ్యాహ్నం నుంచీ గొంతు పిడచకట్టుకుపోతోంది నాకు! ఇంకా ఎంతసేపు నిలబెడతారు? నా వంతు ఎప్పుడు?"

బండోడు ఆకాశం చిల్లుపడేలా ఓండ్ర పెట్టాడు. "అడిగాడోయ్! అడిగాడు!"

"అడగలేదు!" అన్నాడు వీరభద్రం. "నేనేమీ అడగలేదు! దగ్గొచ్చింది!"

"అడిగావు" అంది గట్టు మీంచి ఒక గొంతు. చూస్తే ఎల్లమ్మత్త. ఆ వేసవిలో ఆవిడ అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు. "నా రెండు చెవులతో విన్నాను. 'నా వంతు ఎప్పుడు' అన్నావు."

సాంబయ్య తాత గట్టు దిగి వచ్చాడు. "చిన్నా పెద్దా తేడా లేదని తమరే సెలవిచ్చారు వీరభద్రం గారూ. దయచేయండి."

వాడు అందరి మొహాలూ చూశాడు. ఏ మొహంలోనూ దారి దొరకలేదు. తోక కాళ్ళ మధ్య పెట్టుకుని వరస పొడుగునా నడిచి చివరికి పోయాడు. పోయి పదకొండు వెనక నిలబడ్డాడు.

ఇక పిలుపులు చూడాలి! తన వంతు తొందరగా రావాలి కదా, మా పేర్లన్నీ గుక్క తిప్పుకోకుండా పిలిచాడు. చుక్కీ తాగు, బండోడా కానివ్వు, ఎర్రదూడా నీదే ఆలస్యం! మేం మాత్రం తీరుబడిగా, ఒక్కొక్క గుక్కే ఆస్వాదిస్తూ తాగాం. అందరూ అయ్యారు. మిగిలింది పదకొండు.

"ఊఁ, లే. తాగు" అన్నాడు.

పదకొండు కదల్లేదు.

నేను ఎదురెళ్ళి నిలబడ్డాను. "పేరు పెట్టి పిలవాలి కదండీ."

"దీనికి పేరు లేదుగా!"

"పేరు లేకపోతే దీని వంతు రాదన్నారు. దీని వంతు రాకపోతే వెనకున్నవాళ్ళ వంతు ఎలా వస్తుందండీ?"

వాడు పదకొండుని చూశాడు. నీళ్ళని చూశాడు. ఎండిన పెదాలు తడుపుకోబోతే నాలుక అంటుకుపోయింది.

"పదకొండు" అన్నాడు గొణుగుతూ.

"మాకు వినబడలేదు" అంది ఎల్లమ్మత్త.

"పదకొండూ! అమ్మా పదకొండూ! వచ్చి తాగు తల్లీ, నీకు పుణ్యముంటుంది!"

అది లేవలేకపోతే ఇటు నేను, అటు బండోడు ఆనుకుని నిలబెట్టి చెలమ దాకా నడిపించాం. ముట్టె నీళ్ళలో పెట్టింది. ఎంతసేపు తాగిందో! అది గుటక వేసినప్పుడల్లా నా గుండెల్లో బరువు కొంచెం కొంచెం దిగింది. సంతోషానికి వెక్కి వెక్కి ఏడ్చాను. ఏం, మేక ఏడవకూడదా? తాగడం అయ్యాక అది చెలమ అంచున తడి ఇసుకలో బోర్లా పడుకుని, అటు దొర్లి ఇటు దొర్లింది. నీళ్ళన్నీ బురద బురద.

వీరభద్రం ఏదో అడగబోయి టక్కున నోరు మూసుకున్నాడు.

"కంగారు పడకండి" అన్నాడు సాంబయ్య తాత, నెమరేసుకుంటూ. "తమరి వంతు ఎక్కడికి పోతుందండీ? వస్తుంది."

గట్టు మీద ఒకటే నవ్వు. కానీ పదకొండు నవ్వలేదు. చెలమ తేరుకోగానే పక్కకి జరిగి, "తాగనివ్వండి పాపం. ఆయన వంతు ఆయనకుంది" అంది. ఉంది, అంది. వస్తుంది అనలేదు. మూడు రోజులు గొంతెండినదానికి ఆ తేడా తెలుసు.

మర్నాడు పొద్దున కంప తీసి, సాంబయ్య తాత మళ్ళీ పాత కేకే పెట్టాడు. "పిల్లల వంతు!" అన్నాక గొంతు తగ్గించి, "ఎవరికైనా అందకపోతే నోరారా అడగండర్రా. మాకు చెవులున్నాయి" అన్నాడు. మేం మళ్ళీ పొలోమని పడ్డాం. ఈసారి అంచు విరగకుండా బండోణ్ణి తోక పట్టుకుని ఆపే పని పదకొండుది. ఆ తర్వాత మా ఆటలు ఎంత బాగుండేవో! ఇప్పుడు బండోడు లేడు, పదకొండు లేదు, ఆ ఇసుకా లేదు. అప్పుడప్పుడు నిద్రలో "చుక్కీ, ఆగవే!" అని వినబడుతుంది. ఆగుతాను. కళ్ళు తెరిస్తే ఎవరూ ఉండరు.

ఇదిగో, లోపల ఆ ఝాన్సీ ఇంకా కూర్చునే ఉంది చూడండి. పెదాలు తడుపుకుంటోంది. ఈసారి నేను నోరు మూసుకోను. జరగండర్రా, కిటికీలో తల పెట్టనివ్వండి. మేఏఏ!

"ఏంటే నీ గోల?" అంది పంతులమ్మ. పిల్లలు విరగబడి నవ్వారు.

"దానిక్కూడా దాహమేసిందేమో టీచర్" అంది ఝాన్సీ.

పంతులమ్మ సుద్దముక్క పట్టుకున్న చెయ్యి ఆపింది. బోర్డు మీద తను రాసిందే తను చదువుకుంది. "వెళ్ళు తల్లీ, తాగిరా" అంది. ఆ పిల్ల బయటికొచ్చి రెండు గ్లాసులు గటగటా తాగి, మూడోది మనకోసం పగిలిన కుండపెంకులో పోసింది. తాగండి, ముందు మీరే.

"అవ్వా, మరి ఆ నక్క ఏమయ్యాడు?" అన్నాడు గుబురు, మూతి తుడుచుకోకుండానే.

ఏమవుతాడు? ఆ వేసవంతా రోజూ వచ్చి, ఎవరూ చెప్పకపోయినా వరస చివర పదకొండు వెనక మూతి ముడుచుకుని నిలబడేవాడు. పిల్లలంతా తాగే దాకా నోరు విప్పితే ఒట్టు.

అందుకే చెబుతున్నా వినండర్రా: వంతంటే ఎవరో పిలిస్తే వచ్చేది కాదు, పుట్టినప్పుడే మనతో వచ్చింది.